బుడ్డలు కొరికే పన్ను

మా విశ్రాంత ఉద్యోగుల సంఘం ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తుంది. అందులో రిటైరైన డాక్టర్లు తమ జ్ఞాపకాలు రాస్తారు. మొదటి ఏడాది కాన్పుల డాక్టరమ్మను అడిగారు. రెండో ఏడాది ఎముకల డాక్టర్‌ను అడిగారు. మూడో ఏడాది పోస్టుమార్టంలు చేసిన ఆయన్ని కూడా అడిగారు. నన్ను అడగలేదు. ఈసారి ఎవరో రాస్తానని ఒప్పుకుని ఎగ్గొట్టడంతో కొన్ని పేజీలు ఖాళీ మిగిలాయట. అప్పుడు ఫోన్ చేశారు. "జనానికి పనికొచ్చేది ఏదైనా రాయండి సార్, పళ్లు ఎట్లా తోముకోవాలి, అట్లాంటిది" అన్నాడు ఫోన్ చేసినతను.

తోముకోవడం గురించి రాయను. ఒకే ఒక్క పన్ను గురించి రాస్తాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదవాలని రాస్తున్నాను. మిగతావాళ్లు చదవకపోయినా నాకు కొత్తేమీ కాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ల చుట్టే తిరిగింది. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. మూడు చోట్లా దవాఖానలున్నాయి, మూడు చోట్లా మార్కెట్ యార్డులున్నాయి, మూడు చోట్లకూ వేరుశనగ వస్తుంది. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులు.

నా గది సైకిల్ స్టాండ్ పక్కన ఉండేది. అంతకుముందు అందులో విరిగిన మంచాలు పెట్టేవారు. పళ్ల కుర్చీని కాలితో తొక్కితే పైకి లేచేది, కిందికి దిగేది కాదు. కాబట్టి రోగినే దూకమనేవాణ్ని. ఎవరో దాత ఇచ్చిన చిన్న ఎక్స్‌రే మిషన్ ఒకటి మాత్రం బాగా పనిచేసేది. ఫిల్ము నేనే కడుక్కునేవాణ్ని. డాక్టర్ల దినం రోజు తీసిన గ్రూపు ఫొటోలో నా కుడి చెవి ఒక్కటే పడింది. ఆ ఫొటో సూపరింటెండెంట్ గారి గోడకు ఏళ్ల తరబడి వేలాడింది. మళ్లీ తీయించమని అడిగితే ఆయన ఫొటో దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించి, "ఉన్నవ్ కదయ్యా" అన్నారు.

నాకంటూ వేరే నర్సు లేదు. జ్వరాల వార్డు నుంచి ఒక సిస్టర్ రోజూ రెండు గంటలు వచ్చి సాయం చేసేది. ఖిల్లా ఘణపూర్ దగ్గరి రైతుల ఇంటి మనిషి. పనిముట్లు ఉడకబెట్టడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. నోరు మాత్రం ఎవరికీ జంకేది కాదు. నాకు అసలే జంకేది కాదు.

ఒకరోజు ఆమె ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. తెల్ల టోపీ, మెడలో తువాలు, చేతిలో సగం కాలి ఆరిన బీడీ. ఊరంతా ఆయన్ని చాచా అనేది. సిస్టరూ అట్లే పిలిచేది. నేనూ అదే అంటాను.

"గుర్తుపట్టిండ్రా సార్?" అన్నాడు.

పట్టలేదు. ఆయన నోరు తెరిచి ఎడమ పక్క చూపించాడు. కింద దవడ పళ్లు రెండు లేవు.

"ఇవి మీరే పీకిండ్రు. ఐదేండ్లయితుంది. పది నిమిషాల్ల రెండు."

నోరు చూశాక గుర్తొచ్చింది. మనుషుల ముఖాలు మరిచిపోతాను గానీ నోళ్లు మరిచిపోను. ఆ రెండు పళ్లు అప్పుడు కదులుతుండేవి. పీకేశాను. ఆ రోజుల్లో అందరం అదే చేసేవాళ్లం. కదిలే పన్ను ఉంటే పీకడం, చేతిలో పెట్టడం, తర్వాతి మనిషిని పిలవడం.

ఇప్పుడు కుడి పక్క కింద దవడ పన్ను. పుచ్చు లేదు, పన్ను లోపల ప్రాణం ఉంది. కానీ చుట్టూ ఎముక కరిగిపోయింది. వాగు ఒడ్డున మట్టి కోసుకుపోయి వేళ్లు బయటపడ్డ చెట్టును చూసే ఉంటారు. అట్లా ఉంది. చిగురు నొక్కితే చీము వచ్చింది.

"పీకుదాం చాచా" అన్నాను. అలవాటుగా వచ్చిన మాట.

ఆయన కుర్చీలోంచి దూకేశాడు. "ఇది ఇయ్య" అన్నాడు.

"కట్టుడు పన్ను పెట్టిస్తా."

"కట్టుడు పన్ను చెవిటిది సార్. పన్నుకు చెవి ఉంటది. పెట్టుడు దానికి ఏం వినపడది?"

నాకు ఆ మాట నచ్చింది. అర్థం కూడా అయింది అనుకున్నాను. సొంత పన్నుకు, ఎముకకు మధ్య సన్నటి నారలు ఉంటాయి, నమిలేటప్పుడు గట్టిదేదో మెత్తదేదో చెప్పేవి అవే. ముసలాయన దాన్ని చెవి అంటున్నాడు, భలే చెప్పాడు అనుకుని ఊరుకున్నాను. ఎందుకు అంటున్నాడని అడగలేదు. ఏం పని చేస్తావంటే "మార్కెట్ల" అన్నాడు. చీటీ మీద 'మార్కెట్' అని రాసుకున్నాను. ఈ తప్పును ఇక్కడే గుర్తుపెట్టుకోండి. దీనికి సాకు కూడా లేదు నాకు. బుడ్డలు పండించిన ఇంట్లోనే పుట్టినవాణ్ని. వేరుశనగను మేం బుడ్డలంటాం.

ఎక్స్‌రే తీశాను. కింద దవడ పన్నుకు రెండు వేళ్లుంటాయి. వెనక వేరు పక్కన ఎనిమిది మిల్లీమీటర్ల గుంట. రెండు వేళ్ల సందులోకి, లోతు చూసే నా కొలపుల్ల సగం దాకా పోయింది, అవతలికి రాలేదు. ఇది మంచి వార్త. గుంటకు మూడు పక్కలా ఎముక గోడలు ఇంకా నిలబడి ఉన్నాయన్న మాట. గోడలున్న గుంటను నింపవచ్చు. లోపలంతా శుభ్రం చేసి, ఎముకకు ఆసరా అయ్యే రేణువులు నింపి, పైన పలుచటి పొర కప్పి కుట్టేస్తే, చిగురు లోపలికి దిగకుండా ఆ పొర అడ్డం ఉంటుంది. అడ్డం ఉన్నన్నాళ్లలో ఎముక నెమ్మదిగా పెరిగే అవకాశం దొరుకుతుంది. పుస్తకంలో చదివాను. ఒక సభలో తెర మీద చూశాను. చేతితో ఎప్పుడూ చేయలేదు.

ఆ సభ సంగతి చెప్పాలి. జిల్లా పళ్ల డాక్టర్లందరినీ పిలిచారు. పట్నంలో చిగుళ్ల వైద్యం బోధించే ఒక మేడం వచ్చి ఈ పద్ధతి మీద గంటసేపు మాట్లాడింది. నాకంటే పదేళ్లు చిన్న. చివర్లో నేను లేచి ప్రశ్న అడిగాను. ఆమె గడియారం చూసుకుని, "మీ దగ్గర ఇవన్నీ కుదరవు లెండి" అని కూర్చుంది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

రేణువుల కోసం, పొర కోసం పై ఆఫీసుకు మూడుసార్లు రాశాను. జవాబు లేదు. చివరికి కోపం వచ్చి ఆ మేడంకే ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఆమె అన్న మాట గురించి. మిగిలిన అరపేజీలో చాచా పన్ను గురించి.

రెండు వారాల్లో పార్సిల్ వచ్చింది. చిన్న సీసాలో రేణువులు, రెండు కవర్ల మధ్య సీలు వేసిన పొర, ఒక పుస్తకంలోంచి జిరాక్స్ తీసి పెన్సిల్‌తో గీతలు గీసిన పేజీలు. ఒక చీటీ: "ఆ రోజు అన్నది తప్పే. ముందు బీడీ మాన్పించండి. రెండు నెలలు చిగుళ్లు శుభ్రం చేసి చూడండి. కోత రోజు చెబితే వచ్చి పక్కన నిలబడతాను."

పిల్లలూ, నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన ఫిర్యాదులు ఒక బస్తాడు ఉంటాయి. పూర్తి జవాబు వచ్చింది ఇదొక్కదానికే. ఆమె మీద పెట్టుకున్న పగ ఆ చీటీతో పోయింది. నవ్వినవాళ్ల మీదిది పోలేదు.

చాచా బీడీ మానేశాడు. ఎట్లా మానేశావని అడిగితే, "మా ఇంటామె ముప్పై ఏండ్ల సంది అడుగుతుంది, మానలే. మీరు పన్ను పోతదన్నరు, మానిన. ఆమె ముంగల అనకుండ్రి" అన్నాడు. రెండు నెలలు వారం వారం వచ్చాడు. మెత్తటి బ్రష్షుతో రుద్దడం సిస్టర్ నేర్పింది. చీము ఆగింది. చిగురు బిగిసింది. గుంట మాత్రం అట్లే ఉంది.

కోత రోజు పొద్దున సూపరింటెండెంట్ గారు నా గది గుమ్మంలో నిలబడ్డారు. "ఏందయ్యా పండ్ల డాక్టరూ, ఎముకలు మొలిపిస్తవంట? మొలిస్తే మా ఎముకలాయనకు చెప్పు, ఆయన సలాకలు కొనుడు బంద్ చేస్తడు. ఏమన్న అయితే నీ మీదనే, నేను సంతకం పెట్ట" అన్నారు. అన్నట్టే పెట్టలేదు. కానీ ఆ పొద్దున ఇంకెవరినీ నా గదికి పంపవద్దని ఓపీలో చెప్పిందీ ఆయనేనని తర్వాత తెలిసింది. మంచి పని చేస్తూ కూడా మనిషిని పొడవకుండా ఉండలేని వాళ్లుంటారు.

మేడం రైలు దిగి బస్సెక్కి వచ్చింది. కుర్చీ చూసి ఏమీ అనలేదు. నాలుగు స్టూళ్లు జరిపి, తనే దీపం పట్టుకుంది. చిగురు తెరిచాక ఎక్కడ నా చెయ్యి తొందరపడుతుందో అక్కడల్లా "మెల్లగా" అంది, అంతే. వేళ్లకు పట్టిన గార అంతా గీకి కడిగాం. సీసాలోని రేణువులు చూసి సిస్టర్, "బొంబాయి రవ్వ లెక్క ఉంది సార్" అంది. చాచా రక్తంతో వాటిని తడిపి గుంటలో నింపాను, పొర కప్పాను, కుట్లు వేశాను. గంటన్నర పట్టింది. కుర్చీలోంచి ఆయన్ని మేమే ముగ్గురం కలిసి దించాం.

జాగ్రత్తలు చీటీ మీద రాసిచ్చాను. కుడి పక్క ఏమీ తినవద్దు. అక్కడ బ్రష్షు తగలనీయవద్దు. మందు నీళ్లతో పుక్కిలించాలి. పది రోజులకు కుట్లు తీస్తాను. రెండు నెలలు మెత్తటి తిండే. సిస్టర్ చదివి వినిపించింది. చాచా అన్నిటికీ తలూపాడు.

ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. తువాలు మూట విప్పి అరచేతిలో చూపించాడు. నాలుగైదు తెల్ల రేణువులు.

"రవ్వ ఎల్తుంది సార్" అన్నాడు.

నోరు తెరిపించాను. బుగ్గ పక్క రెండు కుట్లు తెగిపోయాయి. చిగురు విచ్చుకుంది. పొర అంచు బయటికి కనిపిస్తోంది.

"ఏం తిన్నవ్?"

"ఏం తినలే సార్. కసమ్. గంజి తాగుతున్న. రాగిజావ తాగుతున్న. మీరు చెప్పినంక కుడి పక్కకు మెతుకు పోనియ్యలే."

"మరి కుట్లు వాటంతటవే తెగినయా?"

"నాకేం తెల్వది సార్. అల్లా కసమ్, తినలే."

నేను గొంతు పెంచాను. రోగి అబద్ధం చెబుతున్నాడని ఏ డాక్టరూ అంత గట్టిగా నమ్మి ఉండడు. రెండు నెలల కష్టం, ఆ మేడం ప్రయాణం, గుమ్మంలో సూపరింటెండెంట్ అన్న మాట, అన్నీ కలిపి ఆయన మీద పడేశాను. చాచా తల వంచుకున్నాడు. అప్పుడు సిస్టర్ పనిముట్ల డబ్బా మూత పెట్టి నా వైపు తిరిగింది.

"సార్, చాచా ఏం పని చేస్తడో మీకు ఎరికేనా?"

"మార్కెట్ల పని."

"మార్కెట్ల ఏం పని?"

ఆమె చాచా వైపు తిరిగి అడిగింది. "యాసంగి బుడ్డలు దిగినయా చాచా?"

"మొన్న మంగళారం దిగినయ్ బిడ్డా. పద్నాలుగు బండ్లు."

"ఎన్ని కొరికినవ్?"

"కుప్పకు మూడు. కొరికి ఉమ్మేసిన. ఒక్కటి మింగలే."

ఇక చెప్పనక్కర లేకపోయింది. మా నాయన బుడ్డల బండితో యార్డుకు పోయినప్పుడల్లా చిన్నప్పుడు నేనూ వెంట పోయేవాణ్ని. హర్రాజుకు ముందు ఖరీదుదారు తరఫున ఒక మనిషి కుప్ప దగ్గరికి వచ్చేవాడు. కాయ వలిచి, గింజను దవడ పన్ను కింద పెట్టి కొరికేవాడు. 'కటక్' మంటే ఎండింది. వంగితే పచ్చిది. ఆ మనిషి నోటిలోంచి వచ్చే మాట మీద మా ఇంటి ఏడాది బతుకు ఆధారపడి ఉండేది. ఆయన కొరుకుతున్నంతసేపూ మా నాయన ఊపిరి బిగబట్టడం నేను చూశాను. చూసినవాణ్నే నేను. అయినా నా చీటీ మీద 'తినవద్దు' అని రాశాను, చాచా తినలేదు. పనిని తిండి అని ఎవరు అనుకుంటారు? పన్నుకు చెవి ఉంటుందని మొదటి రోజే నాతో చెప్పిన మనిషి ఆయన. మెచ్చుకున్నాను, అడగలేదు.

క్షమించమని ఆయన్ని ఆ రోజు అడగలేదు. డాక్టర్లకు రాని పనుల్లో అదొకటి. ఇక్కడ అడుగుతున్నాను.

సూపరింటెండెంట్ గారు కబురు విని వచ్చి చూశారు. "పీకి అవతల పడెయ్. ఎవడన్న పేపర్లో రాస్తే దవాఖాన పరువు పోతది" అన్నారు. ఆయన చెప్పినదే తేలిక. పది నిమిషాల పని. నా చేతికి బాగా అలవాటైన పని.

మేడంకు ఫోన్ చేశాను. తరగతిలోంచి బయటికి వచ్చి మాట్లాడింది.

"చీము ఉందా?"

"లేదు."

"వాపు?"

"లేదు."

"పొర కదులుతోందా?"

"అంచు ఒక్కటే బయటుంది. కదలట్లేదు."

"అయితే తీయకండి. కడగండి, మళ్లీ కుట్టండి. చీము పడితే అప్పుడు ఓటమి ఒప్పుకుందాం. పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, నేను కూడా."

నేను ఫోన్ పెట్టేసి సిస్టర్ ముఖం చూశాను. ఆమె అప్పటికే పనిముట్లు ఉడకబెట్టడానికి పెట్టింది. సూపరింటెండెంట్ గారితో, "సార్, జర పక్కకు జరుగుండ్రి, వెలుతురు వస్తలేదు" అంది. ఆయన జరిగారు. నేను కుట్టాను. ఈసారి మెల్లగా అనేవాళ్లు ఎవరూ లేరు. నాకు నేనే అనుకున్నాను.

ఆ తర్వాతే అసలు చిక్కు మొదలైంది. రెండు నెలలు కొరకకుండా ఉంటే చాచాకు పని ఉండదు. సీజన్ ఉండేదే అంతకాలం. మరునాడు మధ్యాహ్నం సిస్టరూ నేనూ యార్డుకు పోయాం. చాచా పనిచేసే దుకాణం సేటు తక్కెడ పక్కన కూర్చుని ఉన్నాడు. మంచివాడే. తన కష్టమూ దాచుకోలేదు.

"రెండు నెలలు నేను గుడ్డోని లెక్క కొనాల్నా సార్? చాచా మీద నాకేం కోపం లేదు. పచ్చిమాల్ కొంటే గోదాంల బూజు పట్టి నేను మునుగుత. తేమ చూసే మిషన్ వచ్చిందంట, తెప్పిస్త. చాచా ఇంట్ల ఉండని."

చాచా ఏమీ అనలేదు. నోట్లో కుట్లు, మాట్లాడవద్దని నేనే చెప్పాను. కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక కాయ వలిచాడు. గింజను వేళ్ల మధ్య తిప్పాడు, ఊరికే. కొరకలేదు. ముప్పై ఏళ్లు చేసిన పనిని ఒక మనిషి చేయకుండా ఆపుకోవడం చూడటం నాకు అదే మొదటిసారి.

ఎదురు దుకాణానికీ ఇట్లాంటి మనిషే ఒకడున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మల్దకల్ వైపు నుంచి వచ్చినవాడు. ఎప్పుడో ఒక కుప్ప మీద అతను పచ్చిది అన్నాడు, చాచా ఎండింది అన్నాడు. పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అతను గోడ మీద కూర్చుని అంతా వింటున్నాడు. దిగి వచ్చాడు.

"సేటూ, మిషన్ తెప్పించకు. నేను కొరుకుత. చాచా చెప్తడు."

"నువ్వు కొరికితే చాచాకు ఎట్ల తెలుస్తది?"

అతను చాచా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాచా చెయ్యి తీసుకుని తన దవడ మూల కింద పెట్టుకున్నాడు. గింజ ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. తన చెవి అతని చెంపకు ఆనేంత దగ్గరగా చాచా వంగాడు. రెండోది. మూడోది. తర్వాత చాచా రెండు వేళ్లు ఎత్తి చూపించాడు.

"ఇంక రెండు ఎండలు కావాలంటున్నడు" అన్నాడు అతను. "నాకూ గంతే అనిపించింది."

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. "ఇద్దర్కి కలిపి ఒకటే నోరా?" అన్నాడొకడు. అతను పట్టించుకోలేదు. చాచాతో అన్నాడు: "పదేండ్ల సంది నా నోరు మూయించాల్నని చూసినవ్. ఇప్పుడు నా నోరే నీకు కావాల్సొచ్చె."

చాచా భుజాలు కదిలాయి. నవ్వితే కుట్లు తెగుతాయని నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అతన్ని ఆపి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. "ఈయన జాగల మిషన్ వస్తే ఎల్లుండి నా జాగల వస్తది సార్. ఇంకోటి, యార్డుల నా మాట తప్పని చెప్పేటోడు ఒక్కడే ఉన్నడు. ఆయన పోతే నేను ఎవరితోని కొట్లాడాలె?" అన్నాడు. నాకూ కొట్లాడే మనిషి విలువ తెలుసు.

రెండు నెలలు ఆ ఇద్దరూ అట్లాగే చేశారు. పొద్దున హర్రాజుకు ముందు ఒకరు కొరకడం, ఇంకొకరు దవడ పట్టుకుని వినడం. సేటు మొదట్లో గొణిగాడు, ఎదురు దుకాణపోడికి మన సరుకు సంగతి తెలిసిపోతుందని. తర్వాత ఊరుకున్నాడు. రైతులు మాత్రం సంతోషించారు. ఇద్దరు ఒప్పుకున్న మాటకు తిరుగుండదు. సిస్టర్ వారానికోసారి యార్డు మీదుగా ఇంటికి పోతూ చాచా నోరు తెరిపించి చూసేది, అక్కడే, బస్తాల మధ్య. చీము పడలేదు. చిగురు పొర మీదికి మెల్లమెల్లగా పాకి మూసుకుంది.

ఆరు నెలలు ఆ గుంటను కొలవవద్దని మేడం చెప్పింది. కొలవలేదు. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే కావచ్చు. ఆరు నెలలు నిండిన రోజు ఎక్స్‌రే తీసి, ఫిల్మును నీళ్లలోంచి తీసి వెలుతురుకు పట్టాను. నల్లగా ఉన్న చోట తెల్లగా ఉంది. కొలపుల్ల నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. వేళ్ల సందులోకి పోలేదు. పన్ను వేలితో ఊపితే కదల్లేదు. సిస్టర్ తన చీర కొంగు మూలలోంచి ఒక ఎండు గింజ తీసి ఇచ్చింది. ముందే తెచ్చి పెట్టుకుంది.

చాచా కుడి పక్క కొరికాడు. కళ్లు మూసుకున్నాడు.

"వినపడుతుందా?" అన్నాను.

"జర దూరం సంది వినపడుతుంది సార్. ఊరి బయట బండి వస్తున్నట్టు. వస్తది, దగ్గరికి వస్తది."

ఫిల్ము తీసుకుని నేనే పట్నం పోయి మేడంకు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంతోషించి, వెంటనే ఒక మాట చెప్పింది. "మీరు కోప్పడవద్దు. మనం పెట్టిన రేణువులు కూడా ఎక్స్‌రేలో తెల్లగానే కనిపిస్తాయి. ఇందులో ఎముక ఎంతో, రేణువులు ఎంతో తెరిచి చూస్తే తప్ప తెలియదు. తెరవడానికి కారణం లేదు. పన్ను గట్టిగా ఉంది, గుంట తగ్గింది, మనిషి వాడుకుంటున్నాడు. అంతవరకే మనం చెప్పగలం." కోప్పడలేదు. నిజం చెప్పేవాళ్లు దొరకడం నా అదృష్టం. పిల్లలూ, ఈ వైద్యం గురించి ఎవరైనా మీతో ఎముక మొలిపిస్తామని గట్టిగా చెబితే, ఆ మేడం మాట గుర్తు చేసుకోండి. ప్రతి గుంటా నిండదు. గోడలు లేనిది అసలే నిండదు. బీడీ మానని నోట్లో ఆశ పెట్టుకోవద్దు. కోతకు ముందు మనిషి పని ఏమిటో అడగండి. 'మార్కెట్' అంటే ఆగవద్దు.

చాచా ఆ తర్వాత ఆరేడు సీజన్లు అదే పన్నుతో కొరికాడు. మిషన్ ఎట్లాగూ వచ్చింది. మిషన్ చెప్పినాక చాచా ఒప్పుకుంటే తప్ప సేటు కొనేవాడు కాదని విన్నాను. నాకు బదిలీ అయ్యే రోజు చాచా, ఆ ఎదురు దుకాణం మనిషి ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. ఒక సంచీడు వేయించిన బుడ్డలు ఇచ్చారు. బస్సు కదిలేదాకా అవి సరిగ్గా వేగాయా లేదా అని వాళ్లిద్దరూ కొట్లాడుకుంటూనే ఉన్నారు. నా ఉద్యోగంలో నాకు జరిగిన వీడ్కోలు అదే. ఇంకోటి అవసరం లేకపోయింది.

ఆ మేడంకు, ఆ సిస్టర్‌కు, పన్ను అప్పిచ్చిన ఆ మనిషికి, అల్లా మీద ఒట్టేసి నిజం చెప్పినా నేను నమ్మని చాచాకు నేను రుణపడి ఉన్నాను. పక్కకు జరిగిన సూపరింటెండెంట్ గారికి కూడా, కొంత.

ఇక మిగిలింది ఒకాయన. నా బదిలీకి కొంచెం ముందు పై ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. రెండు ఎక్స్‌రేలూ ఆయన ముందు పెట్టాను. ప్రతి జిల్లాలో ఒక్క చోటైనా ఈ రేణువులు, పొరలు ఇప్పించమని అర్జీ ఇచ్చాను. ఆయన ఫిల్మును కిటికీ వైపు పట్టుకుని, "ఇది ఎముకే అనడానికి ఏం రుజువుంది?" అన్నారు. మేడం చెప్పిందే నేనూ చెప్పాను. తెరిస్తే తప్ప తెలియదన్నాను. "రుజువు లేనిదానికి సామాను ఎట్లా ఇస్తాం?" అని అర్జీ నా బల్ల మీదే వదిలేసి పోయారు. ఆ రోజు నాకు మాట తోచలేదు. బదిలీ అయి పోతుంటే బస్సులో తోచింది. అప్పటి నుంచి ఆయనకు అయిదు ఉత్తరాలు రాశాను. ఆయనా రిటైరయ్యారు, ఈ సంఘంలోనే ఉన్నారు, ఈ పుస్తకం ఆయన ఇంటికీ పోతుంది. కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

అయ్యా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను చాచా ఎడమ పక్క రెండు పళ్లు పది నిమిషాల్లో పీకాను. అట్లా ముప్పై ఏళ్లు వేల పళ్లు పీకాను. పీకక తప్పదనడానికి రుజువేదని మీరు గానీ, మీ ఆఫీసు గానీ ఒక్కసారైనా నన్ను ఎందుకు అడగలేదు? జవాబు చెప్పండి.